జరగని షిఫ్టు

కోపం వస్తే వినీల గిన్నెలు తోముతుంది. కాపురానికి వచ్చి ఐదు వారాలే అయింది కనక ఆ ఇంట్లో గిన్నెలన్నీ కొత్తవే. ఒక్కొక్కదాని అంచు మీద పెళ్ళికి ఇచ్చినవాళ్ల పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ పేర్లు చదువుకుంటూ తోమడం ఆమెకు భలే సరదా. ఆ గురువారం సాయంత్రం మాత్రం పెదవాల్తేరు పిన్ని ఇచ్చిన పాలగిన్నెని పిన్ని పేరు అరిగిపోయేలా రుద్దుతోంది.

"ఇంకోసారి చెప్పు," అంది వెనక్కి తిరగకుండా. "రిపోర్టులో ఏం రాశారు?"

ఆదినారాయణ చొక్కా కూడా మార్చుకోకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అనకాపల్లి అవతల ఒక మందుల కంపెనీలో అతను షిఫ్టు కెమిస్టు. పదహారు రోజుల కిందట అతని షిఫ్టులోనే నాలుగో నంబరు రియాక్టరు పేలింది. దాని దగ్గర ఆపరేటరుగా పనిచేసే ఎర్రినాయుడు ఒళ్లు కాలి, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి కన్నుమూశాడు.

"ఆపరేటరు తప్పిదం అని రాశారు. నడుస్తున్న రియాక్టరు మూత తెరిచాడట. వేడి చివరి నిమిషం దాకా అరవై ఒకటీ అరవై మూడూ మధ్యే ఉందట. వేడెక్కలేదు కాబట్టి చల్లార్చే నీళ్లలో లోపం లేదు. అక్కడ లోపం లేదు కాబట్టి మనిషిదే తప్పు."

"నువ్వేం చూశావు?"

"ఎనభై ఎనిమిది. ప్యానెల్ మీద, ఈ కళ్లతోనే. నీళ్లు రావట్లేదు రండి మొర్రో అని మెయింటెనెన్సుకి రెండుసార్లు ఫోన్ చేశాను. ఎర్రినాయుడు వాల్వు తిప్పుతూనే ఉన్నాడు. మూత జోలికే పోలేదు."

"అదే చెప్పకపోయావా?"

"చెప్పాను. ప్యానెల్ కాలిపోయింది, వేడి లెక్కలు దాచుకునే రికార్డరు మిగిలింది. కంగారులో ఆరుని ఎనిమిదనుకుని ఉంటావులే అన్నారు. సోమవారం ఫ్యాక్టరీల తనిఖీ అధికారిణి వచ్చి ఆఖరి విచారణ చేస్తుంది. ఆవిడ సంతకం పడిందంటే ఎర్రినాయుడు తన చావు తానే తెచ్చుకున్నట్టు శాశ్వతంగా రాసిపోతుంది."

జేబులోంచి మడత పెట్టిన రికార్డరు ప్రింటు తీసి ఇచ్చాడు. వినీల తడిచేతులు అతని చొక్కా అంచుకే తుడుచుకుని విప్పింది. గంట గంటకీ వేడి ఎంతుందో వరుసగా ఉంది. ఒక్క గడి ఖాళీ లేదు. అన్నిటికన్నా కింద చిన్న అక్షరాల్లో రెండు ముక్కలున్నాయి: 'జ్ఞాపక నష్టం సున్నా. పూరణి.'

వినీల ఆ చివరి మాట రెండుసార్లు చదివింది. పూరణి ఆమె రాసిన ప్రోగ్రాము, ఆ పేరూ ఆమె పెట్టిందే. నాలుగేళ్లుగా ఆమె తినీ తినకా పెంచిన బిడ్డ.

యంత్రాల జ్ఞాపకం ఎంత గట్టిదైనా వేడికి చెదురుతుంది. ఒకటి ఉండాల్సిన చోట సున్నా వచ్చి కూర్చుంటుంది. అందుకని పాత చిప్పుల్లో ప్రతి వరుసకీ పక్కన కొన్ని అంకెలు కాపలా ఉండేవి. ఒకటో రెండో తప్పులైతే ఆ కాపలా అంకెలే పట్టుకుని దిద్దేవి. అంతకు మించి చెడితే చిప్పు చేతులెత్తేసి, ఇది చదవలేను అని ఆ గడి ఖాళీగా వదిలేసేది. ఫ్యాక్టరీల వేడిలో అలాంటి ఖాళీలు కుప్పలు తెప్పలు. కొనేవాళ్లకి ఖాళీలంటే గిట్టదు. ఖాళీ కనపడితే ఆడిటరు ప్రశ్న వేస్తాడు మరి. పూరణి ఆ ఖాళీల కోసమే పుట్టింది. వేల షిఫ్టుల లెక్కలు చదివి, మామూలుగా ఏ గంటకి ఏముంటుందో నేర్చుకుంది. ఎక్కడ గడి చెడితే అక్కడ ఉండాల్సింది ఉన్నట్టు రాసిపెడుతుంది.

"రికార్డరు ఎక్కడుండేది?" అని అడిగింది.

"రియాక్టరుకి రెండు మూరల దూరంలో. బయటి పెట్టె సగం కరిగిపోయింది."

"పెట్టె కరిగినంత వేడికి లోపలి జ్ఞాపకం నిలవదు ఆదీ. ఇందులో ఎన్ని గడులు నిజంగా చదివినవో, ఎన్ని ఊహించి రాసినవో." కాగితం నాలుగు మడతలు పెట్టి బిగించి పట్టుకుంది. "రేపు కనుక్కుంటాను."

*

మర్నాడు తను పనిచేసే కొండ మీది ప్రయోగశాలలో అడుగు పెట్టేసరికి నెయ్యి వాసన గుప్పుమంది. బల్ల మీద మాడుగుల హల్వా పెట్టెలు నాలుగు తెరిచి ఉన్నాయి. శాల పెద్ద సోమశేఖరం గారు స్వయంగా బాదం ఆకులో పెట్టి అందరికీ అందిస్తున్నారు.

"రా అమ్మా, పెళ్ళికూతురా. నీదే ఆలస్యం," అన్నారాయన. "మన పెట్టె పేలుడులోంచి బయటపడింది. ఒక్క వరుస పోలేదు. ఇంతకన్నా పెద్ద పరీక్ష మనం పెట్టగలమా చెప్పు. మూడు రాష్ట్రాల నుంచి పొద్దున్నే ఫోన్లు."

మాడుగుల హల్వా అంటే వినీలకి ప్రాణం. పెళ్ళిలో ఆదినారాయణ మొహమాటంతో మూడో ముక్క వద్దంటే అతని ఆకులోది తీసుకుని తినేసిన మనిషి. ఇప్పుడు ఆయన చాచిన ఆకు అందుకోలేదు.

"అక్కడ ఒక మనిషి పోయాడు సార్."

చుట్టూ చేతులు ఆగాయి. సోమశేఖరం గారు ఆకు కింద పెట్టారు.

"తెలుసమ్మా. పాపం. మీ ఆయన కంపెనీయే కదా. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఆ రికార్డులో ఎన్ని గడులు ఊహించినవో లెక్క కావాలి. నేను రాసిన ప్రోగ్రాములో ప్రతి ఊహకీ పక్కన గుర్తు పడేది. ఈ ప్రింటులో ఒక్క గుర్తూ లేదేం?"

"ఐదారు నెలల కిందటే తీయించాను. డబ్బులు పెట్టి కొన్నవాడికి పేజీ నిండా ప్రశ్నార్థకాలు ఇస్తామా?"

"నాకు చెప్పలేదు."

"నిశ్చితార్థం హడావుడిలో ఉన్నావు. అయినా ఆ అంకెలు చూడు. సహజంగా లేవూ?"

"సహజంగా ఉండటమే తప్పు సార్. పేలబోయే రియాక్టరు సహజంగా ఉండదు. పూరణి మామూలు రోజులే చదువుకుంది. దానికి పేలుడంటే తెలీదు. జ్ఞాపకం కాలిపోతే అది మామూలు రోజే రాస్తుంది."

ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. వినీలకి మొదటి ఉద్యోగం ఇచ్చిందీ, ఆమె పెళ్ళిలో తెల్లవార్లూ కుర్చీలు సర్దిందీ ఆయనే. అందుకే ఆమెకి మరీ మండింది.

"సోమవారం విచారణకి మనల్నీ రమ్మన్నారు," అన్నారాయన మెల్లగా. "రికార్డరు గట్టిదని నేను చెప్తాను. మిషను ఎలా పనిచేస్తుందో నువ్వు చూపించు. అంతవరకే మన పని. చూపించమన్నది చూపించి వచ్చేద్దాం."

వినీల లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది. అరలో కొత్త రికార్డర్లు అట్టపెట్టెల్లో సీలుతో ఉన్నాయి. ఒకటి చింపింది. ఏ ఫ్యాక్టరీ ముఖమూ చూడని పెట్టె అది. సోల్డరింగ్ బల్ల మీది వేడిగాలి గన్ను తీసి జ్ఞాపకం ఉండే చిప్పు మీద పట్టింది. ప్లాస్టిక్కు కమురు వాసన వచ్చేదాకా పట్టి, తర్వాత ప్రింటరుకి తగిలించి మీట నొక్కింది.

ఖాళీ కాగితం వస్తే ఆమె ఆ క్షణంలో పూరణిని క్షమించేసేది.

ప్రింటరు కరకరమని ఎనిమిది గంటల షిఫ్టు రాసిచ్చింది. అరవై రెండు. అరవై మూడు. అరవై రెండు. ఏ రోజుదీ కాని షిఫ్టు, ఏ ఊరిలోనూ జరగని షిఫ్టు, ఒక్క గడి ఖాళీ లేకుండా. అడుగున 'జ్ఞాపక నష్టం సున్నా' అని కూడా రాసుకుంది.

*

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ముద్దపప్పు, కొత్తావకాయ, వేయించిన గుమ్మడి వడియాలు. ఐదు వారాలైనా ఎదురెదురుగా కూర్చుని తినడమంటే వినీలకి ఇంకా పండగలాగే ఉంది. అతను ఆవకాయలో నూనె ఒక పక్కకి వంపుకునే తీరు కూడా ఆమెకి ముచ్చటే. ఈ రోజు మాత్రం కంచం పక్కన ఆ ప్రింటు పెట్టింది.

"చూడు. ఇది పట్టుకుని సోమవారం వాళ్ల నోళ్లు మూయిస్తాను."

ఆదినారాయణ ఎడంచేత్తో కాగితం దగ్గరికి లాక్కున్నాడు. చదువుతూ చదువుతూ ముద్ద కలపడం ఆపేశాడు.

"ఇది ఏ షిఫ్టుది?"

"చెప్పాను కదా. దేనిదీ కాదు. ఉత్త పెట్టె."

"ఆరో గంట చూడు."

"అరవై ఒకటి. అయితే?"

"కంపెనీ రిపోర్టులో కూడా ఆరో గంటకి అరవై ఒకటే ఉంది." అతని గొంతు మారింది. "వినీ, ఇది నాది."

"నీదేమిటి?"

"రాత నాది. షిఫ్టు ఎక్కగానే రిజిస్టరులో ఎనిమిది గడులూ నింపేసేవాణ్ణి. అందరం అంతే. ఐదు రియాక్టర్లు చూసుకుంటూ గంట గంటకీ రిజిస్టరు దగ్గరికి పరిగెత్తడం ఎవడి తరం? ఖాళీ ఉంటే మెమో ఇస్తారు. నింపి ఉంటే ఎవడూ అడగడు. అన్నీ ఒకేలా ఉంటే ఆడిటరుకి అనుమానం వస్తుందని ఆరో గంటకి ఒక డిగ్రీ తగ్గించేవాణ్ణి."

వినీలకి మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది.

నిశ్చితార్థానికీ పెళ్ళికీ మధ్య నాలుగు నెలలు గడువు దొరికింది. పూరణికి నేర్పడానికి షిఫ్టుల లెక్కలు కావాలని ఆమె అంటే, కంపెనీ పారేయబోతున్న పాత రిజిస్టర్లు పదకొండు అడిగి తీసుకుని స్కూటరు మీద తెచ్చాడు ఆదినారాయణ. బీచి రోడ్డులో ముంజలు తింటూ అతను అంకెలు చదివాడు, ఆమె ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. అరవై రెండూ, అరవై మూడూ అని అతను రాగం తీస్తుంటే ఆమె నవ్వాపుకోలేక తప్పులు కొట్టేది. యంత్రాల నుంచి వచ్చిన లెక్కలు కూడా ఆమె దగ్గరున్నాయి. అవి గతుకులు గతుకులుగా, మధ్యలో ఎగిరి పడుతూ, చిరాగ్గా ఉండేవి. మనుషుల చేత్తో రాసినవి ఎంత చక్కగా ఉన్నాయో అని ముచ్చటపడి, ఇవే అసలు నిజం అని పూరణికి చెప్పింది తనే.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికి అదొక విషయమనుకోలేదు. నువ్వడగలేదు కూడా."

"అడగాలా? నీతో పెళ్ళి కుదిరింది, నువ్వు తెచ్చిన కాగితాలు అబద్ధమా అని అడగాలా?"

"మీ దగ్గర పెద్ద చదువులు చదివినవాళ్లు పదిమంది ఉన్నారు కదా. మూడేళ్ల రిజిస్టర్లలో వేడి ఒక్కసారి కూడా అరవై నాలుగు దాటకపోతే ఒక్కళ్లకైనా అనుమానం రాలేదేం? అన్నం కుండ కూడా అంత బుద్ధిగా ఉడకదు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. వినీల కంచంలో చెయ్యి కడిగేసుకుంది. అలా కడుక్కోవడం తప్పని అమ్మ వంద సార్లు చెప్పిన సంగతి గుర్తొచ్చి ఇంకాస్త కోపం వచ్చింది.

"ఆరో గంటకి ఒకటి తగ్గించమని ఎవరు నేర్పారు?" అంది.

ఆదినారాయణ కాగితం మడిచి ఆమె వైపు జరిపాడు.

"ఎర్రినాయుడే. నేను కొత్తగా చేరినప్పుడు."

*

ఆదివారం ఎర్రినాయుడి ఇంటికి వెళ్లారు. వీధిలో నలుగురు ఆడవాళ్లు వీళ్లని చూసి మాటలు ఆపారు. ఎర్రినాయుడి భార్య సన్యాసమ్మ అరుగు మీద చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తోంది. లేవలేదు.

"కూకోండి బాబూ. ఈవిడేనా మీ ఆవిడ? పెళ్ళికి మా ఆయన వొచ్చీసి, బూందీ బాగుందని మూడు రోజులు సెప్పేడు."

వినీల ఆమె పక్కనే అరుగు మీద కూర్చుంది.

"కంపెనీవోళ్లు మళ్లీ వొచ్చేరా?" అని అడిగాడు ఆదినారాయణ.

"నిన్న వొచ్చేరు. ఏలిముద్ర ఎయ్యమన్నారు. మా ఆయన తప్పు వొల్లే జరిగిందని రాసినారంట అందులో. నానెయ్యనన్నాను." పిక్క తీసి గిన్నెలోకి విసిరింది. "మిషను రాసిందమ్మా, మిషను అబద్దమాడదు అంటాడా కుర్రోడు. నాలుగు దినాలు ఆసుపత్రిలో ఆ మనిషి నోట ఒకటే మాట. మూత నాను తియ్యనేదే, తియ్యనేదే అని. సచ్చిపోయీ మనిషి అబద్దమాడతాడేటి? ఈ ఈదిలో తాగెళ్లి తీసేడంటన్నారు. మా పెద్ద పాప బడికెల్లనంటంది."

"రేపు విచారణకి రాగలరా?" అంది వినీల.

"రమ్మంటే వొస్తాను. రానీకపోతే గేటుకాడ కూకుంటాను. పదిహేడేళ్లు ఆ గేటులోంచి ఎల్లినోడి పెళ్ళాన్ని."

స్కూటరు మీద ఇద్దరూ తిరుగుదారి పట్టారు. లంకెలపాలెం దగ్గర సిగ్నలు పడితే ఆదినారాయణ వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నీ పెట్టె ఒక్కటీ చాలదు. ఖాళీ పెట్టె ఏదో వాగింది, అసలు పెట్టె నిజం చెప్పింది అంటారు. ఆ రాత ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేవాడు కావాలి."

"చెప్తే నీ ఉద్యోగం పోతుంది. మళ్లీ ఏ మందుల కంపెనీ గడపా తొక్కనివ్వరు."

"ఊఁ."

ఆమె అతని నడుం చుట్టూ చెయ్యి వేసింది. వెయ్యడం కాదు, పిడికిలితో చొక్కా గట్టిగా పట్టుకుంది. ఎవరి మీద కోపమో విడదీసి చెప్పడం అప్పటికి ఆమె వల్ల కాలేదు.

*

విచారణ కంపెనీ క్యాంటీన్లో పెట్టారు. పదకొండు గంటలకి తనిఖీ అధికారిణి రజియా బేగం వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. ఆవిడ కాటన్ చీరా, చేతిలో ఫైలూ తప్ప ఏ ఆర్భాటమూ లేని మనిషి. కంపెనీ మేనేజరు టీ తెప్పించబోతే వద్దన్నారు. సన్యాసమ్మని గేటులో ఆపారని తెలిసి, ఆమెని లోపలికి రానిచ్చాకే మొదలుపెట్టారు.

సోమశేఖరం గారు చెప్పాల్సింది చక్కగా చెప్పారు. రికార్డరు మంటల్లోంచి బయటపడిందనీ, ఒక్క గడి పోలేదనీ.

"మా అమ్మాయి మిషను పనితీరు చూపిస్తుంది," అని కూర్చున్నారు.

వినీల లేచింది. సంచీలోంచి సీలున్న అట్టపెట్టె తీసి అధికారిణి ముందు పెట్టింది.

"ఈ సీలు మీరే తెరవండి మేడం."

రజియా బేగం తెరిచారు. వినీల వేడిగాలి గన్ను ప్లగ్గులో పెట్టి చిప్పు మీద పట్టింది. కమురు వాసన క్యాంటీనంతా పాకింది. మేనేజరు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. సోమశేఖరం గారు సగం లేచి, "అమ్మా వినీలా, మనం అనుకున్నది ఇది కాదు కదా," అన్నారు.

"చూపించమన్నారు కదా సార్. చూపిస్తున్నాను."

ప్రింటరు కరకరలాడింది. ఆమె కాగితం చింపి అధికారిణి చేతికి ఇచ్చింది.

"ఇది ఏ తేదీ షిఫ్టు?" అన్నారు రజియా బేగం.

"ఏ తేదీదీ కాదు మేడం. ఈ పెట్టె ఇంతవరకూ ఏ రియాక్టరునీ చూడలేదు. మీరే కదా తెరిచారు. దీని జ్ఞాపకం ఇప్పుడే నేను కాల్చాను. ఏమీ లేని చోట ఇది ఎనిమిది గంటలు రాసింది. జ్ఞాపకం చెడితే చెడిందని చెప్పదు. మామూలు రోజు ఎలా ఉంటుందో అలా రాసేస్తుంది. దాన్ని అలా తయారు చేసింది నేనే."

"ఇది ప్రదర్శన," అన్నాడు మేనేజరు. "ఖాళీ పెట్టెకి తెలిసింది అది రాసింది. మా రికార్డరులో అసలు అంకెలున్నాయి. దీనికీ దానికీ పోలికేంటి?"

రజియా బేగం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని పెన్నుతో ఒక్కొక్క గడీ సరిచూశారు. ఆవిడ పెన్ను ఒకచోట ఆగింది.

"పోలిక ఉంది. రెండిటిలోనూ ఆరో గంటకి అరవై ఒకటి. మిగతావీ దాదాపు ఇంతే. ఇది ఎక్కడ నేర్చుకుందమ్మా?"

వినీల నోరు తెరిచింది. ఏం చెప్పాలో తెలుసు. చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. కొత్తిల్లు, అద్దం ముందు ఒకే కప్పులో రెండు బ్రష్షులు, పొద్దున్నే అతను రేడియోకి ముందుగా కూనిరాగం తీయడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. తన మీద తనకే కోపం వచ్చింది. ఇంకొకరి ఇల్లు కూలిన చోట నిలబడి తన ఇంటి గురించి లెక్కలేసుకుంటున్నందుకు.

వెనక బెంచీ చప్పుడైంది.

"నా దగ్గర మేడం," అన్నాడు ఆదినారాయణ. "నేను షిఫ్టు కెమిస్టుని. ఆ అంకెలు నావి. రిజిస్టర్లు ముందే నింపేసేవాణ్ణి. ఆ రిజిస్టర్లే ఈ మిషనుకి పాఠం చెప్పడానికి ఇచ్చాను. ఆరో గంటకి ఒక డిగ్రీ తగ్గించడం నా అలవాటు. ఏ రియాక్టరూ గడియారం చూసుకుని చల్లబడదు."

అధికారిణి ఆ మాటలు ఫైలులో రాసుకున్నారు.

"పేలిన రోజు?" అన్నారు రజియా బేగం.

"ఆ రోజు కూడా రిజిస్టరు ముందే నింపాను. కానీ ప్యానెల్ చూశాను. ఎనభై ఎనిమిది ఉంది. ఎర్రినాయుడు వాల్వు దగ్గరున్నాడు. మూత దగ్గర లేడు."

"ఏం మాట్లాడుతున్నావో తెలుసా నాయనా," అన్నాడు మేనేజరు. "రికార్డులు దిద్దానని నీ నోటితో నువ్వే చెప్తున్నావు. నీ మాట ఇప్పుడెవరు నమ్మాలి?"

"నమ్మొద్దండి. నా మాట నమ్మొద్దు, ఆ మిషనుదీ నమ్మొద్దు. అది చెప్పేది కూడా నా మాటే. మీరు ఇన్ని రోజులుగా నమ్మింది నన్నే."

"ఈ అలవాటు మీ ఒక్కరిదేనా?" అన్నారు రజియా బేగం. "ఎవరైనా నేర్పారా?"

ఆదినారాయణ తల దించుకున్నాడు. వినీల అతని వైపే చూస్తోంది. చెప్పకు అని ఆమె కళ్లు అన్నాయి. చెప్పమని కూడా అన్నాయేమో, ఆమెకే తెలీదు.

"చేసింది నేను మేడం. నేను చేసినదే చెప్పగలను."

"మా ఆయన నేర్పేడు."

అందరూ వెనక్కి తిరిగారు. సన్యాసమ్మ గోడవార నిలబడి ఉంది. కుర్చీ ఇస్తే కూర్చోలేదు ఇందాకటి నుంచి.

"నాకు తెల్దనుకున్నారేటి? నా మొగుడు ఇంటికాడ కూకుని సెప్పీవోడు. ఖాళీ వొగ్గేస్తే తిడతారు సన్నేసమ్మా, నింపేస్తే బుజం తడతారు, కొత్తోళ్లందరికీ నేర్పేసేను అని. నవ్వీవోడు. నానూ నవ్వీదాన్ని." ఆమె మేనేజరు వైపు చెయ్యి చూపించింది. "ఆ నింపిన పుస్తకాలు చూసి ఈ బాబుగోరు సంక్రాంతికి సీరెట్టేరు నాకు. అన్నేళ్లూ ఆ రాత కావాలి తమకి. ఇప్పుడా రాత నా మొగుణ్ణి తినేసింది. అందరూ కలిసి రాసేరు. తప్పు ఆడొక్కడి మీదికి ఎలాగొచ్చింది?"

మేనేజరు జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సోమశేఖరం గారు నేల వంక చూస్తున్నారు. కాసేపటికి ఆయనే లేచారు.

"మేడం, కాలిన చిప్పుని పూరణి లేకుండా పాత పద్ధతిలో చదివిస్తాను. చదవగలిగినవే ఇస్తాను. మీ మనుషుల్ని పక్కనే కూర్చోబెట్టండి."

"ఎన్ని గడులు మిగులుతాయి?"

"తెలీదు. ఒక్కటీ మిగలకపోవచ్చు."

రజియా బేగం పెన్ను మూత తీసి, ఫైలులో రిపోర్టు తెరిచారు. 'ప్రమాద కారణం' అన్న చోట ఆగారు. ఆ వాక్యం మీద మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నిదానంగా గీత గీసి, పక్కన పొడి సంతకం పెట్టారు. ఆదినారాయణ వాంగ్మూలం రాసివ్వాలనీ, అతని మీద చర్య వేరే ఉంటుందనీ చెప్పారు. అతను తల ఊపాడు. వినీల వెళ్లి అందరి ముందూ అతని పక్కన నిలబడింది. శనివారం నుంచి లోపల కుతకుతలాడుతున్న కోపం ఏమీ తగ్గలేదు. ఆ కోపంతోనే అతని చెయ్యి పట్టుకుంది.

సన్యాసమ్మ బల్ల దగ్గరికి వచ్చింది.

"కొట్టేసేరా అమ్మా?"

"కొట్టేశాను."

"ఏదీ, సూపించండి. నాకు సదువు రాదు."

రజియా బేగం ఫైలు ఆమె వైపు తిప్పారు. సన్యాసమ్మ చింతపండు మరకల వేలితో ఆ గీతని ఈ చివర నుంచి ఆ చివరి దాకా తడిమింది. తడిమి, దాని కింద తెల్లగా మిగిలిన చోట వేలు ఆపింది.

"మరిక్కడ ఏటి రాస్తారు?"

"ఇంకా తెలీదమ్మా."

"తెలీనప్పుడు ఏటీ రాయకండి," అంది సన్యాసమ్మ.